పుస్తెలతాడు నల్లబడిందని దిగులు పడకు

చి. సౌ. స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ బందరులో మేమంతా క్షేమం. నిన్న ఫోనులో నీ మాట విన్నప్పటి నుంచి మనసు ఆగక ఈ ఉత్తరం రాస్తున్నాను. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే పుస్తెలతాడు మెడ వెనక నల్లబడిందన్నావు. ఏదో వీడియో చూశావట, టూత్‌పేస్టు పెట్టి తోముతానన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. వరలక్ష్మీవ్రతానికి ఇంకా పది రోజులుంది. ఒక మధ్యాహ్నం వంట పని అయ్యాక తీరిగ్గా కూర్చుని చేసుకుంటే చాలు.

ముందు నీ టెన్షన్ తీరుస్తాను. నల్లబడినంత మాత్రాన ఆ బంగారం మంచిది కాదని అనుకోకు. నీ తాడు మీద 916 అని ముద్ర ఉంది కదా. వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం, మిగతా 84 పాళ్ళు రాగీ వెండీ వగైరా. అవి కలపకపోతే నగ మెత్తబడి వంగిపోతుంది. చెమటకీ, ఒంటికి రాసుకునే క్రీములకీ ఆ రాగి, వెండి రంగు మారతాయి. దాని మీద ఒంటి జిడ్డు, సబ్బు, పౌడరు పొరలాగా పేరుకుంటాయి. "బంగారం మాయదమ్మా, పక్కనున్న రాగి మాస్తుంది" అనేవారు మీ తాతయ్య. ఇంకా అనుమానంగా ఉంటే ముద్ర పక్కనే అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉంటాయి, చూడు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆ నంబరు తప్పనిసరి చేశారు. ఫోనులో ప్రభుత్వ ప్రమాణాల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే నగ స్వచ్ఛత ఎంతో, ఎక్కడ పరీక్ష చేశారో కనిపిస్తుంది.

ఇక టూత్‌పేస్టు సంగతి. పంటి మీది గారను గీకడానికి అందులో సన్నటి పొడి కలుపుతారు. బంగారం చాలా మెత్తనిది, ఆ పొడికి గీతలు పడుతుంది. తోమగానే మెరిసినట్టే ఉంటుంది కానీ ఎండలో పట్టి చూస్తే పైనంతా సన్నటి గీతలు. వంటసోడా, విభూతి, పళ్ళపొడి కూడా అంతే. మన ఇంట్లో కాసులపేరు నువ్వు చూశావుగా. మధ్యలో నాలుగైదు కాసుల మీద లక్ష్మీదేవి ముక్కూ నోరూ తెలియకుండా నున్నగా అయిపోయాయి. అది పాతబడి అలా అవలేదు. ప్రతి పండక్కీ మీ అమ్మమ్మ పళ్ళపొడితో తోమేది, కంటికి ఎదురుగా ఉండేవి మధ్య కాసులే కాబట్టి వాటినే ఎక్కువ రుద్దేది. తాతయ్య కంసాలి కొట్టులో రోజూ సాయంత్రం నేల ఊడ్చిన దుమ్ము కూడా పారెయ్యనిచ్చేవారు కాదు, డబ్బాలో దాచేవారు. ఆకురాయి పెట్టినప్పుడు రాలే బంగారు రజను అందులో ఉంటుంది కదా. కొట్టులో దుమ్మునే దాచుకున్న మనిషి, ఇంట్లో పళ్ళపొడి చూసి ఎంత బాధపడేవారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు ఎలా కడగాలో చెబుతాను. ఐదారు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టు. చేత్తో పిసికితే నురుగు వస్తుంది. పలచటి గుడ్డలో వడకట్టు, పిప్పి నగ సందుల్లో ఇరుక్కుంటే తీయడం కష్టం. కుంకుళ్ళు దొరక్కపోతే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు. నీళ్ళు మోచేతి మీద పోసుకుంటే హాయిగా ఉండాలి, అంతకు మించిన వేడి వద్దు. సింకులో కడగకు, కుళాయి కింద అసలే కడగకు. నేల మీద తువ్వాలు పరిచి, దాని మీద వెడల్పాటి గిన్నె పెట్టుకుని కూర్చో.

తాడు తీసేముందు మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకో, మనింట్లో అదే పద్ధతి. పుస్తెలకు ప్రతి శుక్రవారం పసుపు రాస్తావు కదా, అది వెనక గుంటల్లోనూ కొక్కేల సందుల్లోనూ గడ్డ కట్టి ఉంటుంది. పసుపు నీళ్ళకు సరిగా వదలదు, నూనెకు వదులుతుంది. ముందు ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలెయ్యి. తరవాత కుంకుడు నీళ్ళలో పావుగంట నాననివ్వు. చంటిపిల్లలకు వాడే మెత్తటి బ్రష్షు ఒకటి కొని దీనికోసమే పెట్టుకో. దానితో తేలిగ్గా, వెనకవైపు ఎక్కువగా, ముందువైపు తక్కువగా అద్దినట్టు తుడువు. కుంకుళ్ళకు బదులు సబ్బు వాడితే నీళ్ళు ఎర్రగా తిరగొచ్చు. బంగారంలోంచి రాగి దిగిపోతోందని కంగారు పడకు. సున్నం తగిలితే పసుపు పారాణిగా ఎర్రబడుతుంది చూడు, ఇదీ అంతే.

తరవాత రెండు గిన్నెల మంచినీళ్ళలో జాడించు. మీ అపార్ట్‌మెంటులో బోరు నీళ్ళన్నావు, ఆరాక తెల్లటి ఉప్పు మచ్చ మిగులుతుంది. అందుకని ఆఖరిసారి మాత్రం తాగే ఫిల్టరు నీళ్ళు వాడు. పాత నూలు పంచె ముక్క మీద పరిచి, అద్ది, ఫ్యాను కింద రెండు మూడు గంటలు వదిలెయ్యి. గొలుసు పైకి ఆరినట్టు కనిపించినా లంకెల్లో తడి ఉంటుంది. కొన్ని కొక్కేల లోపల ఉక్కు స్ప్రింగు ఉంటుంది, తడి మీదే డబ్బాలో పెట్టేస్తే అది తుప్పు పట్టి ఒకనాడు విరుగుతుంది. ఇంకొక్క మాట. కడిగిన నీళ్ళు వెంటనే పారబొయ్యకు. సీలలు, మువ్వలు లెక్క చూసుకుని, ఆ నీళ్ళు గుడ్డలో వడకట్టి, అప్పుడు పారబొయ్యి.

ఈ పద్ధతి రాళ్ళు లేని నగలకే. రాయి ఉన్న నగ తీరే వేరు. దీని గురించి నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా చేత్తో ఒక నగ పాడు చేశాను.

మా పెళ్ళయిన కొత్తలో మీ అమ్మమ్మ కెంపుల కమ్మలు నాకిచ్చింది. సంక్రాంతికి ముందు జిడ్డు వదలాలని మరిగే నీళ్ళలో వేశాను. పాతకాలం కమ్మల్లో రాయి కింద తళుకు రేకు పెట్టి, లక్కతో బిగించేవారు. వెనకవైపు మూసి ఉంటుంది కాబట్టి లోపలేముందో మనకు కనిపించదు. వేడికి లక్క మెత్తబడి రెండు రాళ్ళు ఊడి గిన్నె అడుగుకు చేరాయి. మిగతావాటి కిందికి నీళ్ళు చేరి రేకు మాడినట్టయి, ఎర్రటి కెంపులు నల్లగా దిగులుగా కనిపించాయి. నాన్న, అంటే మీ తాతయ్య, నన్ను ఒక్క మాట అనలేదు. రాళ్ళన్నీ తీసి, కొత్త రేకు పెట్టి మళ్ళీ బిగించి ఇచ్చారు. ఆ కమ్మలే నీ పెళ్ళికి నీకు ఇచ్చాను. వాటికి నీళ్ళు చూపించకు. వెనక మూసి ఉన్న ఏ నగనూ, కుందనం పనిదైనా సరే, ముంచొద్దు. గుడ్డ కొసను కొంచెం తడిపి బాగా పిండి, బంగారం ఉన్నంత మేర తుడిచి, పొడిగుడ్డతో అద్దెయ్యి. లోపల లక్క నింపిన గాజులకూ వడ్డాణానికీ కూడా ఇదే.

ముత్యాలూ పగడాలూ సున్నపు జాతివి. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ ఏది తగిలినా పైమెరుపు తినేస్తుంది. మీ అత్తగారు వెండి గిన్నెలు చింతపండుతో తోముతుంటే ముత్యాల గాజులు తీసి పక్కన పెట్టి సాయం చెయ్యి. ముత్యాల దండను నీళ్ళలో నానబెడితే దారం సాగిపోతుంది, తడి గుడ్డతో ఒక్కొక్క ముత్యమే తుడుచుకో. రెండేళ్ళకోసారి కొత్త దారంతో గుచ్చించు. నువ్వు హైదరాబాదులోనే ఉన్నావు, పత్తర్‌గట్టి వైపు వెళితే ఆ పని చేసేవాళ్ళు ఉంటారు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వెయ్యమని అడుగు, తెగినా ఒక్కటే జారుతుంది. పచ్చలకు లోపలి సన్నటి చీలికలు కనపడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్ళకూ, దుకాణాల్లో అల్ట్రాసోనిక్ మిషనుకూ ఆ నూనె పోయి రాయి వెలవెలబోతుంది. వజ్రాల దుద్దులకు మాత్రం భయం లేదు, జిడ్డంతా రాయి వెనకే చేరుతుంది కాబట్టి అటునుంచి బ్రష్షుతో తుడువు. నీ నక్షీ హారంలో బొమ్మల గుంటల్లో ఉన్న నలుపు మురికి కాదు, అందంకోసం కావాలని పెట్టింది. అది పోయేదాకా తోమొద్దు.

మన ఊరి చిలకలపూడి నగలు కూడా నీ దగ్గర రెండు మూడు సెట్లున్నాయి. వాటి మీద ఉన్నది సన్నటి బంగారు పొర, లోపల వేరే లోహం. కుంకుళ్ళూ వద్దు, సబ్బూ వద్దు. విప్పగానే పొడి నూలు గుడ్డతో చెమట తుడిచి విడిగా దాచు. అలా చూసుకుంటే ఏళ్ళ తరబడి కొత్తగానే ఉంటాయి, మా వీధిలో ఎందరో అలాగే వాడుకుంటున్నారు.

ఇంటికొచ్చి మెరుగు పెడతామనే వాళ్ళను గుమ్మం ఎక్కనివ్వకు. ఇది గట్టిగా చెబుతున్నాను. మా పక్కింటి ఆవిడ చేతిగాజులు అలాగే పోయాయి. ముందు ఇత్తడి చెంబు ఉచితంగా తోమి చూపించారట. తరవాత గాజులు ఒక ద్రవంలో ముంచి తీశారు, ధగధగా మెరిశాయి. సాయంత్రం తూకం వేయిస్తే ఒక్కో గాజు ఎంత తరిగిందో చెప్పడానికి ఆవిడకు గొంతు పెగల్లేదు. నత్రికామ్లం ఒక పాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్ళు కలిపితే బంగారం కరిగిపోతుంది. దాన్ని రాజద్రావకం అంటారు. కరిగిన బంగారం ఆ నీళ్ళతోనే వాళ్ళ వెంట వెళ్ళిపోతుంది. ఇంకొందరు పసుపు పొడి కలిపి డబ్బాలో మూసి, పొయ్యి మీద పెట్టి అరగంట తరవాత తెరవమంటారు. తెరిచేసరికి డబ్బాలో నగా ఉండదు, వీధిలో వాళ్ళూ ఉండరు.

దుకాణంలో మెరుగు పెట్టించినా ప్రతిసారీ రవ్వంత అరుగుతుంది. అందుకని ఏటా వద్దు, బాగా మసకబారినప్పుడు చాలు. ఇచ్చేముందు తూకం చీటీ మీద రాయించు, తీసుకునేటప్పుడు మళ్ళీ తూయించు. అడగడానికి మొహమాటపడకు, మంచి పనివాడు దానికి ఏమీ అనుకోడు. ఇంట్లో కూడా ఒక చిన్న పుస్తకంలో ప్రతి నగ బరువు రాసుకో. నీ తాడు నాలుగు కాసులు, అంటే 32 గ్రాములు. రెండేళ్ళకోసారి చూసుకుంటే ఎక్కడ అరుగుతోందో తెలుస్తుంది.

అరుగుదల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పుస్తెలతాడూ నల్లపూసలూ కలిపి రోజంతా వేసుకుంటే ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో ఏదో ఒకటే వేసుకో. గొలుసులో ముందు తెగేది కొక్కెం తగిలే లంకె, పుస్తెలు వేలాడే చోటు. ఆ రెండూ వేలితో తడిమి చూడు, సన్నబడితే వెంటనే టంకం వేయించు. సెంటు, పౌడరు, క్రీము అన్నీ అయ్యాక నగ పెట్టుకో. ఈతకొలను నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బాత్రూము కడిగే బ్లీచింగ్ కూడా అదే. అతుకులు ఆ క్లోరిన్‌కు పెళుసుబారతాయి. ఆ పనులప్పుడు ఉంగరం తీసెయ్యి. తీసిన ఉంగరం సింకు గట్టు మీద మాత్రం పెట్టకు, ఇంట్లో దీనికంటూ ఒక గిన్నె ఉండాలి.

పాదరసం దగ్గరికి బంగారం పోనివ్వకు. పాతకాలం థర్మామీటరు పగిలినప్పుడు ఆ పూసలు ఉంగరానికి తగిలితే క్షణంలో తెల్లబడుతుంది. ముఖం తెల్లబడుతుందని పేరూ ఊరూ లేకుండా అమ్మే క్రీముల్లో కొన్నిటిలోనూ పాదరసం ఉంటుంది, అది బంగారానికే కాదు నీ ఒంటికీ హాని. అలా ఎప్పుడైనా జరిగితే ఇంట్లో వేడి చెయ్యొద్దు, ఆ ఆవిరి విషం. కంసాలికి జరిగింది జరిగినట్టు చెప్పి ఇవ్వు.

దాచేటప్పుడు ఒక్కో నగ ఒక్కో మెత్తటి గుడ్డ సంచిలో ఉండాలి. గొలుసుకు కొక్కెం పెట్టి పడుకోబెడితే చిక్కు పడదు. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, అందులో గంధకం ఉంటుంది, బంగారం మీదా వెండి మీదా మచ్చ వస్తుంది.

కెంపుల కమ్మలో ఎడమదానికి ఒక రాయి కదులుతోందని మీ అమ్మ చెప్పింది. అది పెట్టుకోవడం ఆపి, దూదిలో చుట్టి దసరాకు వచ్చేటప్పుడు చేతిసంచిలో తీసుకురా. తాతయ్య దగ్గర పని నేర్చుకున్న అతను ఇంకా మన వీధిలోనే ఉన్నాడు, లక్క పని అతనికి బాగా తెలుసు. అల్లుడిగారిని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ పెద్దమ్మ