సర్వో డ్రైవ్‌లు కొనే ముందు ఒక్కటి తెప్పించి చూడు

తమ్ముడూ,

మిల్లింగ్ మెషిన్‌కి పాత కంట్రోలర్ పీకేసి లైనక్స్‌సీఎన్‌సీ (కంప్యూటర్‌తో మెషిన్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) పెడతానన్నావు, చాలా సంతోషం. కానీ డీలర్ "ఈథర్‌క్యాట్ ఉంది సార్, దేనికైనా పనిచేస్తుంది" అన్నాడని మూడు యాక్సిస్‌లకీ మూడు సర్వో డ్రైవ్‌లు (మోటార్‌ని తిప్పే పెట్టెలు) ఒకేసారి ఆర్డర్ పెట్టకు. ఒకటి తెప్పించి, టేబుల్ మీద మోటార్ తిప్పి చూశాకే మిగతా రెండూ.

ఈథర్‌క్యాట్ అంటే కంప్యూటర్‌నీ డ్రైవ్‌నీ కలిపే నెట్‌వర్క్, అది ఉంటే డేటా డ్రైవ్ దాకా చేరుతుంది, అంతే. ఆ డేటాని డ్రైవ్ ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేది సీఐఏ 402 ప్రొఫైల్. అందుకని అందులో సీఎస్‌పీ మోడ్ (ఎక్కడికి వెళ్లాలో కంప్యూటరే ఎప్పటికప్పుడు చెప్పే పద్ధతి) ఉందా, అంటే మోడ్ ఎంచుకునే 6060 ఆబ్జెక్ట్‌లో 8 రాస్తే తీసుకుంటుందా అని అడుగు. మాన్యువల్, ఈఎస్‌ఐ ఫైల్ (డ్రైవ్ ఈథర్‌క్యాట్ వివరాలు ఉండే ఫైల్) డబ్బు కట్టకముందే పంపమను. నీళ్లు నమిలేవాడి దగ్గర కొనొద్దు. మోడల్ నంబర్ చివరి అక్షరాలు కూడా చూసుకో, అదే డ్రైవ్ పల్స్ రకం, మోడ్‌బస్ రకం అని విడివిడిగా వస్తుంటుంది. మోడ్‌బస్ (నెమ్మదైన పాత కమ్యూనికేషన్ పద్ధతి) స్పిండిల్ వేగం మార్చే వీఎఫ్‌డీకి బాగానే సరిపోతుంది, యాక్సిస్‌కి మాత్రం వద్దే వద్దు.

ఈథర్‌క్యాట్ మాస్టర్ (కంప్యూటర్ వైపు డ్రైవ్‌లతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) లైనక్స్‌సీఎన్‌సీతో పాటు రాదు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కేబుల్ పెట్టి టెర్మినల్‌లో 'ఈథర్‌క్యాట్ స్లేవ్స్' (ethercat slaves) కమాండ్ కొడితే డ్రైవ్ పేరు, దాని పక్కన ప్రీఆప్ (PREOP, ఇంకా సిద్ధమయ్యే దశ) అని కనిపించాలి. లైనక్స్‌సీఎన్‌సీ స్టార్ట్ చేశాక అది ఆప్‌కి (OP, పని చేసే దశ) మారాలి. ప్రీఆప్ దగ్గరే కూర్చుంటే ఎక్కువగా పీడీఓ మ్యాపింగ్ (ప్రతిసారీ ఏ డేటా వెళ్లాలో, రావాలో చెప్పే జాబితా) తప్పు, సేఫ్‌ఆప్ (ఆప్‌కి ముందు మెట్టు) దాకా వచ్చి ఆగిపోతే డ్రైవ్ టైమింగ్‌ని కలిపే డిస్ట్రిబ్యూటెడ్ క్లాక్ సెట్టింగ్ చూడు. ఇక్కడ టెన్షన్ పడి డ్రైవ్ పారామీటర్లన్నీ కెలకొద్దు, ఒక్కోటి మారుస్తూ రాసుకో.

తర్వాత స్కేల్, అంటే ఒక మి.మీ.కి ఎన్ని కౌంట్లో. 23 బిట్ల ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో కొలిచేది) అయితే చుట్టుకి 83,88,608 కౌంట్లు. 5 మి.మీ. పిచ్ బాల్‌స్క్రూకి నేరుగా బిగించి, డ్రైవ్‌లో గేర్ నిష్పత్తి 1:1 ఉంటే స్కేల్ 16,77,721.6 అవుతుంది. పొజిషన్ లెక్క 32 బిట్లే కాబట్టి సున్నాకి అటు 256 చుట్లు, ఇటు 256 చుట్లు, అంటే చెరో 1,280 మి.మీ. నీ మిల్లుకి పర్లేదు, రేపు పొడవాటి రూటర్‌కి ఇవే పెడితే మాత్రం డ్రైవ్‌లో గేర్ నిష్పత్తి మార్చాల్సిందే.

కంప్యూటర్‌కి రియల్‌టైమ్ కెర్నల్ (టైమ్ తప్పకుండా పని చేసే లైనక్స్ కెర్నల్) వేసి, బ్రౌజర్లో వీడియో నడిపిస్తూ లేటెన్సీ టెస్ట్ (కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తుందో కొలిచేది) చాలాసేపు వదిలెయ్. డ్రైవ్‌లకి పొజిషన్ పంపే సర్వో థ్రెడ్ 1 మిల్లీసెకనుకోసారి నడుస్తుంది, అది తడబడితే ఎంత ఖరీదు డ్రైవ్ పెట్టినా ఫాలోయింగ్ ఎర్రర్ (చెప్పిన చోటుకీ ఉన్న చోటుకీ తేడా) వచ్చి ఆగిపోతుంది.

ఎమర్జెన్సీ స్టాప్‌ని సాఫ్ట్‌వేర్‌కి వదలకు, డ్రైవ్ మీది ఎస్‌టీఓ (సేఫ్ టార్క్ ఆఫ్) టెర్మినల్స్‌కి సేఫ్టీ రిలే ద్వారా వైరే లాగు. ఎస్‌టీఓ టార్క్ తీసేస్తుంది, అప్పుడు జడ్ యాక్సిస్ బరువుకి కిందికి జారుతుంది కాబట్టి దానికి బ్రేక్ ఉన్న మోటారే తీసుకో.

డీలర్ ఈఎస్‌ఐ ఫైల్ పంపగానే నాకు వాట్సాప్ చెయ్యి, కలిసి చూద్దాం.