చిన్ననాటి ఎడబాటు భయం పెద్దయ్యాకా వెంటాడుతుందా?

ప్రశ్న: నా వయసు 34. చిన్నప్పుడు అమ్మను వదిలి బడికి వెళ్లాలంటే కడుపునొప్పి అనేదాన్నని, సెలవు రోజుల్లో ఆ నొప్పి ఊసే ఉండేది కాదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు మావారు పని మీద ఊరు వెళితే నాకు నిద్ర పట్టదు. ఆయన ఫోను ఎత్తకపోతే ఏదో ప్రమాదం జరిగిందని గుండె దడ మొదలవుతుంది. మా ఆరేళ్ల అబ్బాయి కూడా ఈమధ్య నన్ను వదిలి ఉండడం లేదు. నా జబ్బే వాడికి వచ్చిందా? ముందు ముందు నాకు డిప్రెషన్ వస్తుందా?

జవాబు: బడి ఉన్న రోజునే వచ్చే కడుపునొప్పిని చాలా ఇళ్లలో నటన అనుకుంటారు. అది నటన కాదు, నొప్పి నిజమే. భయం పొట్టలో తెలుస్తుంది, అంతే. పసివాళ్లు తల్లి కనబడకపోతే ఏడవడం సుమారు ఎనిమిదో నెలలో మొదలై, ఏడాది, ఏడాదిన్నర మధ్య ఎక్కువై, మూడేళ్లు వచ్చేసరికి చాలామందిలో సద్దుమణుగుతుంది. ఆ వయసు దాటాక కూడా వయసుకు మించిన భయం కనీసం నాలుగు వారాల పాటు ఉండి, చదువుకూ నిద్రకూ అడ్డుపడితే దాన్ని సెపరేషన్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. పెద్దలలో సాధారణంగా ఆరు నెలలు చూస్తారు.

పెద్దలకు కూడా ఈ రుగ్మత ఉంటుందని వైద్యులు ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. 18 ఏళ్లలోపు మొదలై ఉండాలన్న నిబంధనను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో డి.ఎస్.ఎం.-5 (మానసిక రుగ్మతలను నిర్ధారించడానికి వైద్యులు వాడే గ్రంథం) వెలువరించినప్పుడు గానీ తొలగించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 18 దేశాల్లో జరిగిన సర్వేల ఫలితాలు 2015లో వచ్చాయి. వాటి ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మతకు లోనైనవారు 4.8 శాతం కాగా, వారిలో సుమారు 43 శాతం మందికి అది 18 ఏళ్లు దాటాకే మొదలైంది. కనుక మీ ఇప్పటి ఇబ్బందికి చిన్ననాటి కడుపునొప్పిలోనే మూలం వెతకనక్కరలేదు.

డిప్రెషన్ విషయానికి వస్తే, 25 అధ్యయనాలను కలిపి 2013లో చేసిన విశ్లేషణలో చిన్ననాటి సెపరేషన్ యాంగ్జైటీ ఉన్నవారికి పెద్దయ్యాక పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి తీవ్రమైన భయం, దడ ముంచుకొచ్చే రుగ్మత), ఇతర ఆందోళన రుగ్మతలు వచ్చే అవకాశం స్పష్టంగా ఎక్కువని తేలింది గానీ, డిప్రెషన్‌తో చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. అవకాశం ఎక్కువ అన్నంత మాత్రాన వచ్చి తీరుతుందని కాదు.

మీ విషయంలో నేను ఎక్కువగా పట్టించుకునేది ఆ ఫోనునే. ఆయన ఎత్తలేదు, మీరు మళ్లీ చేశారు, నాలుగోసారికి ఆయన విసుగ్గా 'మీటింగులో ఉన్నాను' అన్నారనుకుందాం. ఆ ఒక్క మాటతో మీ గుండె కుదుటపడుతుంది. చిక్కంతా ఆ ఊరటతోనే, ఎందుకంటే ఫోను చేశాను కాబట్టే గండం తప్పిందన్నట్టు మనసు లెక్క వేసుకుంటుంది. చేయకపోయినా ఆయన క్షేమంగానే ఉండేవారని తెలుసుకునే అవకాశం దానికి దొరకదు. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పట్టుకునేది ఈ ముడినే. మీవారితో మాట్లాడి రోజుకు ఒక వేళ ఖాయం చేసుకోండి. మధ్యలో చేయాలనిపించినప్పుడు మొదట పది నిమిషాలు, కొన్నాళ్లకు అరగంట, ఆపైన ఆ ఖాయమైన వేళ వరకు ఆగడం అలవాటు చేసుకోండి. మొదట్లో ఆందోళన పెరుగుతుంది, అది సహజం. నిద్ర, ఉద్యోగం దెబ్బతింటున్నా, ఊపిరాడనంత దడ వస్తున్నా ఒంటరిగా ప్రయత్నించకుండా సైకియాట్రిస్టును గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే కలవాలి.

ఇక మీ అబ్బాయి. ఆందోళన స్వభావం కొంత వంశపారంపర్యంగా వస్తుంది, కొంత పెద్దల ముఖం చూసి పిల్లలు నేర్చుకుంటారు. దీన్ని తల్లి తప్పు అనడం అన్యాయం. వాడు ఆటలో ఉండగా చెప్పకుండా జారుకోవడం మాత్రం మానండి. ప్రేమతో చేసే పనే అయినా, అమ్మ ఏ క్షణాన మాయమవుతుందో తెలియని పిల్లవాడు మరింత అంటిపెట్టుకుంటాడు. 'అన్నం తిని లేచేసరికి వస్తాను' అని వాడికి అర్థమయ్యే గుర్తుతో చెప్పి, ఒక్కసారి ముద్దు పెట్టి బయలుదేరండి, చెప్పిన వేళకు రండి. గుమ్మంలో పావుగంట బుజ్జగిస్తే, భయపడాల్సిన సంగతేదో నిజంగానే ఉందని వాడికి అనిపిస్తుంది.

మందుల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఆందోళన రుగ్మతలున్న 7 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలు 488 మందితో జరిగి 2008లో వెలువడిన ప్రయోగంలో ఈ థెరపీ, సెర్ట్రాలిన్ అనే మందు రెండూ కలిపి ఇస్తే దాదాపు 81 శాతం మందికి, థెరపీ ఒక్కటే ఇస్తే 60 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రలతో 24 శాతం మందికి గుణం కనిపించింది. ఆరేళ్లవాడికి అయితే, ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే పద్ధతిని అడగడం మంచిది.

ప్రశ్న: అయిదో ఏట నుంచి అమ్మానాన్నలకు దూరంగా బంధువుల ఇంట్లో పెరిగాను. నాకూ ఇలాంటి సమస్యలు తప్పవా?

జవాబు: ఎడబాటు జరగడం వేరు, ఎడబాటు అంటే భయపడే రుగ్మత వేరు. తల్లీబిడ్డల ఎడబాటు వల్ల కలిగే హాని గురించి మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక రాశారు. దాన్ని 1972లో పునఃపరిశీలించిన మరో మానసిక వైద్యుడు మైఖేల్ రట్టర్, దూరం ఒక్కటే కాక, ఇంట్లో కలహాలు, ఆదరణ కరువవడం వంటివి ఎక్కువ నష్టం చేస్తాయని వాదించారు. ఆ ఇంట్లో మిమ్మల్ని నిలకడగా ప్రేమించిన మనిషి ఒకరైనా ఉన్నారా అన్నదే నేను మిమ్మల్ని మొదట అడిగే మాట. లేరంటే, ఇప్పుడు ఇబ్బంది ఉన్నా లేకపోయినా, ఆ సంగతులు ఒక కౌన్సెలర్ దగ్గర చెప్పుకోవచ్చు.