అల్లుడికి, ఉప్పునీటి ట్యాంకు కంట్రోలర్ గురించి

అనంతపురం

అల్లుడూ,

చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుకు నువ్వు కట్టబోయే కంట్రోలర్ వైరింగ్ బొమ్మ రెండుసార్లు చూశాను. ఎనిమిది రిలేలు (బోర్డు చెబితే కరెంటు వేసి ఆపే స్విచ్చులు), నీళ్ల ఆమ్లత కొలిచే పీహెచ్ ప్రోబు, మందులు కొలిచి పోసే డోసింగ్ పంపులు నాలుగు, ఫోన్‌లో గ్రాఫులు. ముచ్చటగా ఉంది. నేనూ మొదట్లో ఇలాంటిదే గీసుకున్నాను. ముప్పై ఏళ్లు టీవీలు, స్టెబిలైజర్లు బాగుచేసినవాణ్ని, ఇందులో నాకు తెలియనిదేముందిలే అనుకున్నాను. ఆ పొగరుకు రెండు చేపలు పోయాయి. ఆ సంగతికి వస్తాను గానీ, ముందు ఒకటి అడగనీ. ప్రతి వస్తువూ ఏం పని చేస్తుందో బొమ్మలో రాశావు. అది పాడైతే ఏమవుతుందో ఒక్కచోటా రాయలేదేం?

చేనికి పోయినప్పుడు మీ నాన్నతో చెప్పి బోరు మోటారు స్టార్టర్ పెట్టె తెరిపించి చూడు. అందులో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది పట్టు వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. అర్ధరాత్రి కరెంటు వస్తే చేనికి ఎవరు పోతారని మనవాళ్లు దానికి ఆటో స్టార్టర్ తగిలిస్తారు. తర్వాత బోరులో నీళ్లు అడుగంటిన రోజు, మోటారు ఉత్తగానే తిరిగి తిరిగి కాలిపోతుంది. నువ్వు కట్టబోయేది ఆ ఆటో స్టార్టర్‌కు అన్నలాంటిది. ఇక్కడ కాలేది మోటారు కాదు, ప్రాణమున్నవి.

ఇప్పుడు నా సంగతి. అప్పుడు డిసెంబరు. నాది 200 లీటర్ల ట్యాంకు, అందులో 300 వాట్ల హీటర్. ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 సెన్సర్ వాడాను, నువ్వు కొన్నదే. ప్రోగ్రాం నడిపే ఆర్డుయినో బోర్డులో ఒకే ఒక్క షరతు రాశాను: 25 కంటే తగ్గితే హీటర్ వెయ్యి, 26 దాటితే ఆపు. హీటర్‌కు సొంత థర్మోస్టాట్ ఉంది కదా, దాన్ని చివరిదాకా తిప్పేసి పెట్టాను, కంట్రోలర్ చూసుకుంటుందిలే అని. ఒక రాత్రి సెన్సర్ వైరు అతుకు దగ్గర ఉప్పు పట్టి తెగిపోయింది. సెన్సర్ అందకపోతే, దాన్ని చదవడానికి మనం వాడే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క) ఇచ్చే అంకె మైనస్ 127. నా ప్రోగ్రాం దాన్ని చదివి, నీళ్లు మంచుకంటే చల్లగా ఉన్నాయనుకుని హీటర్ వేసింది. తెల్లారేదాకా ఆపలేదు. పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి చూస్తే గాజు థర్మామీటర్ 32 దాటి ఉంది. కంట్రోలర్ తెర మీద మాత్రం మైనస్ 127, పక్కనే హీటర్ ఆన్ అని చక్కగా రాసి ఉంది. చెప్పినమాట విన్నది పాపం. తప్పు చెప్పినవాడిదే.

అందుకని నీ ప్రోగ్రాంలో మొట్టమొదట రాయాల్సింది సెన్సర్‌ను అనుమానించే లైను. 15కు తక్కువ, 40కి ఎక్కువ ఏ అంకె వచ్చినా అది అబద్ధం. ఇంకో అబద్ధపు అంకె కూడా ఉంది, 85. ఈ సెన్సర్‌కు కరెంటు వచ్చినప్పుడు, కొలత ఇంకా పూర్తికాకముందే అడిగితే 85 అంటుంది. నిమిషంలో రెండు డిగ్రీలు మారినా నమ్మొద్దు, 200 లీటర్ల నీళ్లు అంత తొందరగా వేడెక్కవు, చల్లబడవు. అనుమానం వచ్చిన మరుక్షణం హీటర్ ఆగాలి, బజర్ మోగాలి. వీలైతే రెండు సెన్సర్లు పెట్టు. ఒక్కొక్కటి అర డిగ్రీ అటూ ఇటూ చూపిస్తుంది, అది సహజం. తేడా ఒకటిన్నర దాటితే మాత్రం బజర్.

సెన్సర్‌కు ఉన్న స్టీలు గొట్టాన్ని చూసి మోసపోవద్దు. స్టెయిన్‌లెస్ అంటారు గానీ, చవకరకమైతే ఉప్పునీళ్లలో కొన్ని నెలలకే తుప్పు మచ్చలు వస్తాయి. ఆ తుప్పు నీళ్లలోకే దిగుతుంది. నేనిప్పుడు చిన్న గాజు పరీక్షనాళికలో సెన్సర్ దించి, మూతి సిలికాన్‌తో మూసేస్తున్నాను. ఉష్ణోగ్రత కాస్త ఆలస్యంగా తెలుస్తుంది, పరవాలేదు.

ఇక హీటర్. లెక్క వేసి చూడు. 300 వాట్లు 200 లీటర్లను ఒక డిగ్రీ పెంచడానికి ముప్పావు గంట చాలు. 100 వాట్లకైతే రెండుంబావు గంటలు పైనే పడుతుంది. మన చలికి పెద్ద హీటర్ ఎందుకు? 100 వాట్లవి రెండు పెట్టు. ఒకటి ఆన్‌లోనే అతుక్కుపోయినా ట్యాంకు ఉడకదు, ఒకటి చచ్చిపోయినా గడ్డకట్టదు. వాటి థర్మోస్టాట్లను 27 దగ్గర పెట్టి వదిలెయ్యి. నీ కంట్రోలర్ 25.5కు వేసి 26కు ఆపాలి. కంట్రోలర్‌కు మతి పోయినా థర్మోస్టాట్ పట్టుకుంటుంది. మధ్యలో ఆ అర డిగ్రీ ఖాళీ ఉంచకపోతే రిలే టకటకమని కొట్టుకుని ఏడాదిలోపే దాని కాంటాక్టులు కాలిపోతాయి.

మన ఊళ్లలో అసలు సమస్య చలి కాదని నీకు వేరే చెప్పాలా. ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 ఉంటే హాల్లో 35 తగ్గదు. నీళ్లు రోజుల తరబడి 30 దాటి ఉంటే పగడాలు తమ ఒంట్లో కాపురముండే నాచును బయటికి వెళ్లగొట్టి తెల్లబడిపోతాయి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనమంటారు అందరూ. కొనేముందు ఫ్యాను పెట్టి చూడు. మన గాలి పొడిగా ఉంటుంది, అదే మనకున్న వరం. కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో ట్యాంకులోనూ అందుకే చల్లబడతాయి. ఒక లీటరు ఆవిరైతే 200 లీటర్ల నీళ్ల నుంచి దాదాపు మూడు డిగ్రీల వేడిని పట్టుకుపోతుంది. పన్నెండు వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు నీటి మీదికి వాలుగా పెడితే నాకు మే నెలలోనూ 28 దగ్గర నిలబడింది. కాకపోతే వాటి ఖరీదు వేరే రూపంలో కట్టాను. రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు మాయమయ్యేవి.

మాయమయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తిరిగి పోయాల్సింది మంచినీళ్లు. బోరు నీళ్లు వద్దు. మన జిల్లా బోరు నీళ్లలో ఏమేం కరిగి ఉంటాయో మన పళ్లే చెబుతాయి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ కూడా దాటి, నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్‌లో సున్నా చూపించిన నీళ్లే పొయ్యి.

ఈ నీళ్లు నింపే పని కంట్రోలర్‌కు అప్పజెప్పడం మంచిదే. కానీ ట్యాంకులు మునిగేదీ ఇక్కడే. సంప్‌లో ఫ్లోట్ స్విచ్, అంటే నీటి మట్టంతో లేచి దిగే స్విచ్, పెడతావు. (సంప్ అంటే ట్యాంకు కింది అరలో ఉండే చిన్న తొట్టి, మీ ఇంటి ముందు మున్సిపాలిటీ నీళ్లు పట్టే సంపు కాదని మీ అమ్మకు చెప్పు, మొన్న ఫోన్‌లో కంగారుపడింది.) ఒక నత్త పాకుతూ వచ్చి ఆ ఫ్లోట్ మీద కూర్చుంటే చాలు, నీళ్లు తగ్గాయనుకుని పంపు తిరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో జరిగింది. ఫ్లోట్ చుట్టూ రంధ్రాలు పెట్టిన పీవీసీ గొట్టం ముక్క తొడిగాక నత్త బెడద పోయింది. దానికి రెండంగుళాల పైన ఇంకో ఫ్లోట్ పెట్టు. అది లేస్తే ప్రోగ్రాంతో పనిలేకుండా నేరుగా పంపు వైరునే తెంచాలి. పంపు ఒక విడతలో రెండు నిమిషాలకు మించి తిరగకూడదని కూడా రాసుకో.

ఇవన్నీ తప్పినా కాపాడేది ఇంకొకటుంది, అది బక్కెట్టు. మంచినీళ్లను 20 లీటర్ల బక్కెట్‌లోనే పెట్టు, సంప్‌లో అంత ఖాళీ ఉంచు. బక్కెట్ మొత్తం ట్యాంకులో కుమ్మరించుకుపోయినా ఉప్పు వెయ్యికి 35 పాళ్ల నుంచి 32కు దిగుతుంది. చేపలు మూతి ముడుచుకుంటాయి గానీ బతుకుతాయి. రోజూ నింపే ఓపిక లేదని వంద లీటర్ల డ్రమ్ము పెట్టావనుకో, 23కు పడిపోతుంది. ఇల్లు తడవడం దానికి అదనం.

రిలేల దగ్గర ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకో. ప్రతి రిలేకూ ఎన్‌ఓ (రిలే ఆఫ్‌లో ఉంటే తెగి ఉండేది), ఎన్‌సీ (ఆఫ్‌లో ఉంటే కలిసి ఉండేది) అని రెండు మూతులుంటాయి. హీటర్, డోసింగ్ పంపులు, నీళ్లు నింపే పంపు ఎన్‌ఓకు కలుపు, బోర్డు చచ్చిపోతే అవి ఆగిపోవాలి. నీళ్లు తిప్పే రిటర్న్ పంపును మాత్రం ఎన్‌సీకి. బోర్డు చచ్చిపోయినా అది తిరుగుతూ ఉండాలి, ఎందుకంటే నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ తగ్గి రాత్రికి రాత్రే అన్నీ పోతాయి. మనం కొనే నీలం రిలేల బోర్డులు చాలావరకు ఆర్డుయినో పిన్ 'లో' (వోల్టేజీ సున్నా) అయినప్పుడు ఆన్ అవుతాయి. అందుకని పిన్‌ను అవుట్‌పుట్ చేయకముందే దానికి 'హై' రాయాలి. లేకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ అన్ని రిలేలూ ఒక్కసారి టక్కుమంటాయి. వేసవిలో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోయి వస్తుందో నీకు తెలుసు. రిలే మీద పది ఆంపియర్లు అని రాసి ఉంటే సగమే నమ్ము. ఇన్వర్టర్ మీద రిటర్న్ పంపు ఒక్కటే ఉండాలి, హీటర్ వద్దు.

బోర్డు పెట్టెను ట్యాంకు పైనా, సంప్ ఉన్న అరలోపలా పెట్టొద్దు. అక్కడ ఉప్పు గాలిలోనే ఉంటుంది. రాగి మీద పచ్చటి పొడి కడుతుంది. అతుకులన్నిటికీ మీ అక్క గోళ్ల రంగు రెండు పూతలు వెయ్యి, నవ్వొద్దు, పనిచేస్తుంది. నీళ్లలోంచి వచ్చే ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, చుక్క అక్కడే రాలిపోతుంది. కరెంటు లీకైతే వెంటనే తెంచేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టావని తెలిస్తే కడపకు వచ్చి చెవి మెలేస్తాను. అది ఉన్నా ఎర్త్ బాగుండాలి. ఎండాకాలం మన నేల పగుళ్లిచ్చాక ఎర్త్ గుంత కూడా ఎండిపోతుంది, వారానికోసారి నాలుగు చెంబుల నీళ్లు పొయ్యి.

పీహెచ్ ప్రోబు నీకు ఇష్టం కాబట్టి పెట్టుకో, 7, 10 ద్రావణాలతో నెలకోసారి సరిచూసుకో. కానీ దాని మాట విని ఏ పంపునూ తిప్పొద్దు. పగలు వెలుతురులో నాచు కార్బన్ డయాక్సైడ్ తాగేసి పీహెచ్ పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. అది ట్యాంకు ఊపిరి. దాన్ని సరిదిద్దబోయి మందులు పోసినవాళ్లను చూశాను. డోసింగ్ పంపులు కూడా అంతే, నీళ్లలో ఆల్కలినిటీ (క్షారత), కాల్షియం చేత్తో పరీక్షించి, అవి రోజుకు ఎంత తగ్గుతున్నాయో తెలిశాకే బిగించు. లైట్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డీఎస్3231 గడియారం చిప్పు పెట్టుకుంటే కరెంటు పోయినా టైము తప్పదు.

ప్రోగ్రాంలో ఇంకో దొంగ దాక్కుని ఉన్నాడు. మిల్లీస్ అంటే బోర్డు ఆన్ అయినప్పటి నుంచి మిల్లీసెకన్ల లెక్క, అది 49.7 రోజులకు సున్నాకు తిరిగి వస్తుంది. నువ్వు 'ఇప్పటి టైము, ఆపాల్సిన టైముకంటే ఎక్కువైతే' అని రాశావు. యాభయ్యో రోజున అది తలకిందులవుతుంది. ఇప్పటి టైములోంచి మొదలైన టైము తీసేసి, ఆ తేడాను చూడు. రెండూ అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని అంకెల రకం) అయితే సున్నా దాటినా తేడా సరిగ్గానే వస్తుంది. నాకు ఇది దొరకడానికి రెండు విడతల యాభై రోజులు పట్టింది. ప్రోగ్రాం ఎక్కడైనా నిలిచిపోతే బోర్డును మళ్లీ మొదలుపెట్టే వాచ్‌డాగ్ కూడా వెయ్యి. వైఫై దొరక్కపోతే ప్రోగ్రాం దానికోసం ఎదురుచూస్తూ నిలబడిపోకూడదు.

పగడాల సంగతి. రాళ్లలా గట్లు కట్టే గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానంగా. ఎవరో కవర్లో తెచ్చిస్తానంటే ఆశపడొద్దు. కొనే ప్రతిదాని పేరూ చట్టంలో చూసుకున్నాకే డబ్బులియ్యి.

చివరికి నేను అడిగేది ఇదీ. మొదటి నెల రిలేలే వద్దు. సెన్సర్లు, తెర, బజర్, అంతే. ఏం కొలుస్తుందో పది నిమిషాలకోసారి మెమరీ కార్డులో రాసుకోనీ. ట్యాంకులో ఉప్పునీళ్లు, రాళ్లు తప్ప ఏమీ ఉండకూడదు. మధ్యాహ్నం రెండింటికి ఎంత, తెల్లారుజామున ఎంత, కరెంటు పోయినప్పుడు ఎంత, అవన్నీ చేతికొచ్చాక ఫ్యాను రిలే ఒకటి, ఆ తర్వాతే హీటర్. నీకు ఆత్రం ఎక్కువని తెలుసు, మీ అమ్మ పోలిక.

రేపు ఆర్టీసీ కార్గోలో ఒక పెట్టె వేస్తున్నాను. గాజు నాళికల్లో మూసిన సెన్సర్లు రెండు, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు, ఒక బజర్, మీ అత్త పెట్టిన శెనక్కాయ ఉండలు ఉంటాయి. బిగించాక మొదటి పని, నడుస్తుండగానే సెన్సర్ వైరు ఒకటి పీకెయ్యి. తెర మీద మైనస్ 127 వస్తుంది. బజర్ మోగిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మామ