పిల్లల్లో ఓడీడీ: మందులతో తగ్గుతుందా?

ప్రతిదానికీ ఎదురుతిరిగే మా 8 ఏళ్ల బాబుకి ఓడీడీ (ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్: పెద్దలకు అదేపనిగా ఎదురుతిరిగే, తరచూ కోపగించుకునే ప్రవర్తనా సమస్య) అన్నారు, దీనికి మందు ఉందా అని ఒకరు అడిగారు. ఓడీడీకంటూ ప్రత్యేకంగా ఆమోదించిన మందు లేదు. తోడుగా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) లాంటిది ఉంటే దానికి మందులు వాడతారు, దాంతో కోపం, మొండితనం కూడా కొంత తగ్గొచ్చు.

అసలు చికిత్స మొదలయ్యేది తల్లిదండ్రులకు శిక్షణతో. ఇది మీ పెంపకాన్ని తప్పుపట్టడం కాదు, నొచ్చుకోకండి. అందులో నేర్పేవి చూడ్డానికి చిన్నవే. ఒకసారికి ఒకే పని చెప్పడం, వినగానే "చెప్పగానే బ్యాగు సర్దేశావే!" అని ఆ పనిని మెచ్చుకోవడం, చిన్నాచితకా పేచీలను పట్టించుకోకపోవడం, ముందే చెప్పిన శిక్షను అరవకుండా అమలు చేయడం. కష్టమల్లా రోజూ పాటించడమే. అమ్మ వద్దన్న ఫోను తాతయ్య ఇచ్చేస్తే పడిన శ్రమంతా వృథా!

2 నుంచి 7 ఏళ్ల వాళ్లకి పీసీఐటీ (పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ) అనే పద్ధతి ఉంది. మీరు పిల్లాడితో ఆడుతుంటే థెరపిస్టు అద్దం వెనక నుంచి మీ ఇయర్‌ఫోన్‌లో సూచనలిస్తారు. టీనేజర్లకైతే కోపాన్ని, గొడవలను సంభాళించుకోవడం నేర్పే కౌన్సెలింగ్, ఫ్యామిలీ థెరపీ. దెబ్బలు, భయపెట్టే క్యాంపులు మాత్రం బెడిసికొడతాయి.

ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.