బ్రిటన్‌లో మధ్యాహ్నం టీ విరామం అలవాటు ఎలా వచ్చింది?

ఇందులో రెండు కథలున్నాయి. అందరూ చెప్పేది పెద్దింటివాళ్లది. 1840 ప్రాంతంలో వాళ్లు రాత్రి ఎనిమిదింటిదాకా భోంచేసేవాళ్లు కాదు. సాయంత్రానికి నీరసం వస్తోందని బెడ్‌ఫర్డ్ డచెస్ (డ్యూక్ అనే పెద్ద ప్రభువు భార్య) అన్నా మరియా తన గదికే టీ, బ్రెడ్డు, కేకు తెప్పించుకునేదట. తర్వాత స్నేహితురాళ్లనూ పిలవడం మొదలుపెట్టింది.

పనివాళ్ల విరామం వేరు, నాకైతే అదే ముఖ్యం. 1784లో టీ మీద పన్ను 119 నుంచి 12.5 శాతానికి తగ్గాక అది పేదలకూ బాగా అందింది. ఫ్యాక్టరీల్లో గంటల తరబడి నిలబడేవాళ్లకు పాలు, పంచదార వేసిన వేడి టీ కాస్త ఓపికనిచ్చేది. రెండో ప్రపంచయుద్ధంలో, 1940లో, 250 మందికి మించి పనిచేసే ఆయుధ కర్మాగారాల్లో క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వం తీసుకుంది. పనిచోట టీ సౌకర్యం అలా మరింత విస్తరించింది.