టెక్ సందేహాలు: సాఫ్ట్‌వేర్ వీడియో ఎవరికి అప్పగించాలి?

ఈసారి వచ్చిన సందేహాల్లో వీడియోల గురించినవే ఎక్కువ. మొదటి ప్రశ్న చిన్నదే కానీ జవాబు సగం పేజీ ఆక్రమించింది. మిగతావి ఆ తర్వాత.

ప్రశ్న: ఇన్వాయిస్‌లు, బకాయిల లెక్కలు చూసుకునే వెబ్ సాఫ్ట్‌వేర్ మాది. చిన్న కంపెనీ. హోమ్‌పేజీకి నిమిషంన్నర వీడియో కావాలి. ప్రకటనలు, ఈవెంట్లు తీసే స్టూడియో ఒకటి ఒక రేటు చెప్పింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలకే వీడియోలు చేస్తామనే ఏజెన్సీ దానికి మూడింతలు అడుగుతోంది. ఇద్దరి షోరీళ్లూ (చేసిన పనిలోంచి ఏరి కూర్చిన నమూనా వీడియోలు) బాగున్నాయి. ఆ తేడాకు తగ్గ పని ఉంటుందా?

జవాబు: షోరీల్ చూసి తేల్చుకోకండి. ఏళ్ల తరబడి చేసిన పనిలోంచి మెరిసే ముక్కలు ఏరి, కింద హుషారైన మ్యూజిక్ పెడితే ఎవరి షోరీలైనా బాగానే ఉంటుంది. ఇద్దరినీ పూర్తి వీడియోలు అడగండి, తలా మూడు చాలు. సాఫ్ట్‌వేర్‌కు చేసినవే కావాలి. మీ ఆఫీసుతో సంబంధం లేని ఒకరికి అవి చూపించి, ‘ఇది ఎవరికి, ఏం చేసిపెడుతుంది?’ అని అడగండి. ‘గ్రాఫిక్స్ బాగున్నాయి’ అనే మాట తప్ప ఇంకేమీ రాకపోతే ఆ వీడియో పని చేయలేదన్నమాట.

ఆ తర్వాత, వాటిని చేయించుకున్న కంపెనీల సైట్లకు వెళ్లండి. వీడియో ఇంకా అక్కడ ఉందా? ఉంటే, అందులో కనిపించే స్క్రీనూ ఇప్పటి ప్రొడక్టూ ఒకటేనా? సాఫ్ట్‌వేర్ వీడియోకూ మిగతా వీడియోలకూ అసలు తేడా ఇదే. ఫ్యాక్టరీని షూట్ చేస్తే అది కొన్నేళ్ల పాటు అలాగే ఉంటుంది. మీ మెనూ మాత్రం వచ్చే నెలకే ఎడమ పక్క నుంచి పైకి ఎక్కేయవచ్చు. అందుకని బేరం మొదలుపెట్టే ముందే ఇద్దరినీ ఒకటే అడగండి: ‘ఆరు నెలల తర్వాత మా స్క్రీన్ మారితే ఈ వీడియోను ఎలా సరిచేస్తారు? దానికి ఎంత తీసుకుంటారు?’ ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు తడుముకోరు. ‘అప్పుడు చూద్దాంలెండి’ అన్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి బిల్లు వేస్తారు.

ఇది అర్థం కావాలంటే పని ఎలా జరుగుతుందో కొంచెం చూడాలి. మీ ఇన్వాయిస్‌ల పేజీలో ఓ ఇరవై వరుసలు, ఎనిమిది కాలమ్‌లు ఉంటాయనుకుందాం. దాన్ని ఉన్నదున్నట్టు రికార్డు చేసి వీడియోలో పెడితే పెద్ద మానిటర్ మీద పరవాలేదు. ఫోన్‌లో చూసేవాళ్లకు మాత్రం చీమల బారులా కనిపిస్తుంది. అనుభవమున్న ఏజెన్సీలు చాలా వరకు అలా చేయవు. మీ డిజైనర్ దగ్గరున్న ఫిగ్మా ఫైళ్లు (స్క్రీన్ డిజైన్ చేసిన అసలు ఫైళ్లు) తీసుకుని, అవసరమైన భాగాలనే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ పేరుస్తాయి. ఇరవై వరుసల్లో ఒకటే ముందుకొస్తుంది. ‘బకాయి’ అన్న చోట అంకె పెద్దదవుతుంది. కర్సర్ బటన్ దాకా వెళ్లి, నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం లేకపోతే చూసేవాడి కన్ను బటన్‌ను అందుకోలేదు. ఇలా లేయర్లుగా, అంటే ఒకదానిమీద ఒకటి విడి పొరలుగా కట్టిన వీడియోలో రేపు బటన్ రంగు మారితే ఆ లేయరే మారుస్తారు. నేరుగా రికార్డు చేసిన వీడియో అయితే ఆ సీను మళ్లీ తీయాలి, వాయిస్‌కు మళ్లీ సరిపెట్టాలి.

అయితే ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు. ఎలా వాడాలో నేర్పే ట్యుటోరియల్‌లో నిజమైన స్క్రీనే ఉండాలి. లేకపోతే కస్టమర్ వీడియోలో చూసిన బటన్ కోసం తన స్క్రీన్ అంతా వెతుక్కుంటాడు. మొబైల్ యాప్ ఉంటే ఇంకో సంగతి: ఆపిల్ యాప్ స్టోర్‌లో పెట్టే ప్రివ్యూ వీడియో యాప్‌లోంచి రికార్డు చేసినదై ఉండాలి, నిడివి 15 నుంచి 30 సెకన్ల మధ్యే. హోమ్‌పేజీ వీడియోనే కోసి అక్కడ పెట్టేద్దాం అనుకుంటే తిరస్కరించే అవకాశం ఉంది. మీ ఏజెన్సీకి ఈ నియమం తెలుసో లేదో ఊరికే కదిపి చూడండి.

ఇక స్క్రిప్టు. నా దృష్టిలో ఆ మూడింతల రేటులో సింహభాగం దీనికే. స్టూడియోలు చాలావరకు ‘స్క్రిప్టు మీరిచ్చేయండి, మేం అందంగా చేసిపెడతాం’ అంటాయి. అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. మీరు రాస్తే ఉన్న ఫీచర్లన్నీ వరసగా ఏకరువు పెడతారు. మీ తప్పేం కాదు, సొంత ప్రొడక్టు మీద ప్రేమ అలాంటిది. మొదటి మీటింగులో ఏజెన్సీవాళ్లు ఏం అడుగుతున్నారో చెవిన వేసుకోండి. మీ లోగో రంగులు, నచ్చిన మ్యూజిక్, ‘ఎలాంటి మూడ్ కావాలి’ దగ్గరే ఆగిపోయారా? లేక కొనేది ఎవరు, మీ సాఫ్ట్‌వేర్ రాకముందు వాళ్లు ఆ లెక్కలు దేంట్లో రాసుకునేవాళ్లు, డెమో ఇస్తున్నప్పుడు ‘ఆగండాగండి, అది మళ్లీ చూపించండి’ అని ఎక్కడ అంటారు అని అడిగారా? రెండో రకం వాళ్లకైతే డబ్బు ఇవ్వొచ్చు. వీలైతే, కస్టమర్ల అనుమతితో రికార్డు చేసిన డెమో కాల్స్ రెండు మూడు వాళ్లకు వినిపించండి. ఏం కావాలో రాసిచ్చే ఏ బ్రీఫ్ డాక్యుమెంటూ అంత పని చేయదు.

నిడివి సంగతి. ఇంగ్లిష్ వాయిస్‌లో నిమిషానికి 140, 150 మాటలు నప్పుతాయి. తెలుగు మాటలు పొడవు కాబట్టి నేనైతే 100, 110 దగ్గర ఆపేయమంటాను. స్క్రిప్టు చేతికి రాగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. మీకే ఊపిరి ఆడకపోతే వినేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ముందుముందు వేరే భాషల్లోకి మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. స్క్రీన్ మీద అక్షరాలు విడి లేయర్లలో ఉంచాలి, వాయిస్ లేకుండా మ్యూజిక్, సౌండ్ ఎఫెక్టులు మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి విడిగా ఇవ్వాలి. మొదట్లో అడిగితే ఇది పెద్ద పని కాదు. తర్వాత అడిగితే గోరుచుట్టు మీద రోకటిపోటే.

రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు అడుగున ఉన్న మొత్తం కాదు, లోపల ఏముందో చూడండి. స్క్రిప్టు ఉందా, వాయిస్ ఆర్టిస్టు ఖర్చు కలిసిందా, ఎన్ని సార్లు మార్పులు చెప్పొచ్చు, సబ్‌టైటిల్స్ విడి ఫైలుగా (ఎస్‌ఆర్‌టీ) ఇస్తారా, సోషల్ మీడియాకు నిలువు వీడియో, పదిహేను సెకన్ల ముక్కలు అందులోనేనా లేక విడిగానా. తక్కువ కొటేషన్‌కు ఇవన్నీ కలిపితే చాలాసార్లు తడిసి మోపెడవుతుంది. మార్పుల దగ్గర ఒక జాగ్రత్త. స్క్రిప్టు, స్టోరీబోర్డు (సీన్ల వారీ బొమ్మలు), ఒకట్రెండు స్టిల్ ఫ్రేములు, యానిమాటిక్ (ఆ బొమ్మలనే టైము ప్రకారం వరసగా ఆడించే చిత్తుప్రతి), ఆ పైన యానిమేషన్, చివర సౌండ్. వరస ఇదీ. స్క్రిప్టులో ఒక వాక్యం కొట్టేయడానికి నిమిషం పడుతుంది. యానిమేషన్ అయ్యాక అదే వాక్యం తీస్తే రోజుల పని. మీ వైపు నుంచి ఒక్కరే తుది మాట చెప్పాలి. ఫౌండర్ ఒకటి, సేల్స్ ఒకటి, మార్కెటింగ్ ఇంకొకటి వాట్సాప్‌లో విడివిడిగా పంపుతుంటే ఎంత మంచి ఏజెన్సీ అయినా చేతులెత్తేస్తుంది. ఫ్రేమ్.ఐఓ లాంటి సర్వీసులో ఏ సెకను దగ్గర ఏం మార్చాలో అక్కడే కామెంట్ రాయొచ్చు, వాళ్లు ఏది వాడతారో అడగండి.

కాంట్రాక్టులో మీరు పట్టుబట్టాల్సింది సోర్స్ ఫైళ్ల గురించి, అంటే వీడియోను మళ్లీ మార్చుకోవడానికి పనికొచ్చే అసలు ఫైళ్లు. ఎంపీ4 ఒక్కటే చేతిలో పెట్టి పంపేస్తే రేపటి చిన్న మార్పుకు కూడా అదే గుమ్మం ఎక్కాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ‘కలెక్ట్ ఫైల్స్’ అని ఉంటుంది, ప్రాజెక్టులో వాడిన ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేరుస్తుంది. ఆ ఫోల్డర్, ఫాంట్ల జాబితా, మ్యూజిక్ లైసెన్సు కాగితం, ఈ మూడూ వచ్చాకే చివరి విడత చెల్లింపు అని రాసుకోండి. కొందరు సోర్స్ ఫైళ్లకు అదనంగా అడుగుతారు, అందులో అన్యాయమేమీ లేదు. కానీ ఆ సంగతి ముందే తేలాలి. డబ్బు కట్టేశాం కదా, హక్కులు మావే అనుకోవద్దు. చాలా దేశాల చట్టాల్లో కాపీరైట్ మీకు బదిలీ అవుతున్నట్టు రాతపూర్వకంగా ఉంటే తప్ప అది తయారుచేసినవాళ్ల దగ్గరే ఉంటుంది. మ్యూజిక్ లైసెన్సు మీ కంపెనీ పేరు మీద, ప్రకటనలకు కూడా వర్తించేలా తీసుకోవాలి. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ క్లెయిమ్ (ఈ మ్యూజిక్ మాది అని హక్కుదారు తరఫున వచ్చే అభ్యంతరం) వస్తే చూపించడానికి ఆ కాగితమే దిక్కు.

ఇంతకీ మీ ప్రశ్నకు జవాబు. కస్టమర్లు కెమెరా ముందు కూర్చుని మాట్లాడే వీడియో అయితే ఆ స్టూడియో చాలు, లైటింగ్, సౌండ్ వాళ్లకే బాగా తెలుసు. ప్రొడక్టు ఏం చేస్తుందో చెప్పే వీడియో అయితే, స్క్రిప్టూ సోర్స్ ఫైళ్లూ కలిపి ఇచ్చే పక్షంలో నేను ఏజెన్సీ వైపే మొగ్గుతాను. అయినా ఒకేసారి మొత్తం అప్పగించకండి. ఒక్క ఫీచర్ మీద ఇరవై సెకన్ల వీడియో డబ్బిచ్చి చేయించండి. చెప్పిన టైముకు ఇచ్చారా, మీ ప్రొడక్టు వాళ్ల బుర్రకెక్కిందా, రెండూ అందులోనే తేలిపోతాయి.

ప్రొడక్టు ఇంకా బీటాలోనే (కొద్దిమందితో పరీక్షించే దశలోనే) ఉంటే ఈ హడావుడంతా వాయిదా వేయండి. ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ వ్యవస్థాపకుడు డ్రూ హ్యూస్టన్ 2008లో తన స్క్రీన్‌నే రికార్డు చేసి, తన గొంతుతోనే వివరిస్తూ ఒక డెమో పెట్టాడు. స్టూడియో లేదు, యానిమేషన్ లేదు. బీటా కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా 5,000 నుంచి రాత్రికి రాత్రి 75,000కు చేరింది. డిగ్ అనే సైట్‌లో తిరిగే టెక్ కుర్రాళ్లే ఆ వీడియోకు లక్ష్యం, వాళ్లకు మాత్రమే నవ్వొచ్చే జోకులు అందులో ఇరికించాడు. హోమ్‌పేజీకి కాగితం బొమ్మలతో కథ చెప్పే వీడియోను కామన్ క్రాఫ్ట్ అనే సంస్థతో చేయించుకున్నది ఆ తర్వాతే.

ప్రశ్న: స్క్రీన్ షాట్ల కోసం ఏజెన్సీవాళ్లు మా లెక్కల సాఫ్ట్‌వేర్ లైవ్ అకౌంట్ లాగిన్ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. విడిగా డెమో అకౌంట్ తెరిచి, దాని లాగిన్ ఇవ్వండి, పని అయ్యాక రద్దు చేయండి. కస్టమర్ల పేర్లు, మొత్తాలు పొరపాటున ఒక్క ఫ్రేమ్‌లో కనిపించినా చిక్కే. బ్లర్ చేస్తాంలెండి అంటారు. గళ్లు గళ్లుగా మసకబార్చిన అక్షరాలను కొన్నిసార్లు తిరిగి రాబట్టే టూల్స్ ఉన్నాయి. దాచాల్సింది అసలు స్క్రీన్ మీదకే రాకూడదు. అడ్రస్ బార్, బుక్‌మార్కులు, నోటిఫికేషన్లు, ఏపీఐ కీలు (సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి కలిసేందుకు వాడే రహస్య కోడ్‌లు) కూడా ఓసారి చూసుకోండి.

డెమో డేటా మీరే నింపండి, ఏజెన్సీకి వదలకండి. ‘టెస్ట్ 1’, ‘ఏబీసీ కంపెనీ’ అని కనిపిస్తే నమ్మకం పోతుంది. అంతకంటే ముఖ్యం, కూడికలు సరిపోవాలి. ఇన్వాయిస్‌లో మూడు వరుసల మొత్తం ఒకటి, అడుగున టోటల్ ఇంకొకటి ఉంటే మామూలు జనం గమనించరు. మీ కస్టమర్లు అకౌంటెంట్లు, వాళ్ల చూపు మొదట పడేది అక్కడే.

ప్రశ్న: స్క్రీన్ రికార్డింగ్ మేమే చేసిపెడితే ఖర్చు తగ్గుతుందని ఏజెన్సీవాళ్లు అంటున్నారు. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో చేస్తే అక్షరాలు మసకగా వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: సెట్టింగ్స్‌లో వీడియో విభాగం తెరిచి బేస్ రిజల్యూషన్ (స్క్రీన్ కొలత), ఔట్‌పుట్ రిజల్యూషన్ (రికార్డయ్యే కొలత) ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఓబీఎస్ బొమ్మను కుదించి రికార్డు చేస్తుంది, మసక అక్కడి నుంచే. బ్రౌజర్‌లో జూమ్ 125 లేదా 150 శాతం పెట్టండి. 4కె మానిటర్ ఉంటే 4కెలోనే తీయండి, ఎడిటింగ్‌లో దగ్గరికి జరిపినా అక్షరం చెదరదు. ముదురు నేపథ్యం మీద సన్నటి ఎరుపు అక్షరాలు మాత్రం ఎలా తీసినా కొంచెం అలుక్కుపోతాయి. మామూలు వీడియో ఫార్మాట్లు వెలుతురు కంటే రంగును తక్కువ వివరంగా దాచుకుంటాయి. ఎంకేవీ అనే ఫైల్ రకంలో రికార్డు చేస్తే మధ్యలో కంప్యూటర్ ఆగిపోయినా అప్పటిదాకా తీసింది పోదు. తర్వాత ఫైల్ మెనూలో ‘రీమక్స్ రికార్డింగ్స్’తో ఎంపీ4గా మార్చి పంపండి.

ప్రశ్న: వాయిస్‌కు ఏఐ వాడతామని ఏజెన్సీవాళ్లు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ట్యుటోరియల్స్‌కు నిరభ్యంతరంగా. స్క్రీన్ మారినప్పుడు ఒక్క వాక్యం మార్చుకోవడం తేలిక. హోమ్‌పేజీ వీడియోకు మాత్రం నేనైతే మనిషి గొంతే కావాలంటాను, ముఖ్యంగా తెలుగులో. ఇంగ్లిష్ మాటలు కలిసిన వాక్యాల్లో ఏఐ ఒత్తులు, విరుపులు ఇంకా తేడాగానే పలుకుతోంది. వాణిజ్య వాడకానికి లైసెన్సు ఉన్న ప్లాన్‌లోనే చేశారా అని అడగండి. ఉచిత ప్లాన్లలో చాలావాటికి అది ఉండదు.

ప్రశ్న: పూర్తయిన వీడియో యూట్యూబ్‌లో పెట్టి సైట్‌లో ఎంబెడ్ చేస్తే (మా పేజీలోనే ఆడేలా అతికిస్తే) చాలా?

జవాబు: నలుగురికీ దొరకడానికి యూట్యూబ్ ఉండాల్సిందే. గూగుల్ ప్లే లిస్టింగుకు కూడా యూట్యూబ్ లింకే అడుగుతారు, ఆ వీడియో మీద ప్రకటనలు ఆపి ఉంచాలి. కానీ యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో అదే లింకుతో కొత్తది పెట్టడం కుదరదు. స్క్రీన్ మారిన ప్రతిసారీ కొత్త లింకు, పాత వ్యూస్ గల్లంతు. విమియో, విస్టియా లాంటి వీడియో సర్వీసుల్లో లింకు మారకుండా ఫైలు మార్చొచ్చు. హోమ్‌పేజీకి, హెల్ప్ పేజీలకు అవే నయం. పేజీ తెరవగానే దానంతటది ఆడాలంటే మ్యూట్‌లో పెట్టాలి, శబ్దంతో మొదలయ్యే వీడియోలను బ్రౌజర్లు సాధారణంగా ఆపేస్తాయి. క్రోమ్‌లో 2018 నుంచి ఇదే పద్ధతి. కాబట్టి ఏజెన్సీ ఫైనల్ కాపీ పంపగానే మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి. అప్పుడు అర్థం కాని సీన్లు ఏవో రాసి, సంతకం పెట్టే ముందే వెనక్కి పంపండి.