ముడి నీ వైపు ఉండాలి

అల్లుడికి,

ఆశీస్సులు. అంబత్తూరు షెడ్డులో ఎక్స్‌పాండెడ్ జాలీ కోస్తుంటే అంచులు రంపప్పళ్ళలా వస్తున్నాయని రాశావు. తప్పు గ్రైండర్‌ది కాదు, నువ్వు గీసిన గీతది.

ఈ జాలీ అల్లిందీ కాదు, వెల్డింగు చేసిందీ కాదు. ఒకే రేకుకి గాట్లు పెట్టి లాగితే కళ్ళు, అంటే రంధ్రాలు, తెరుచుకుంటాయి. అందుకే ఎక్కడ కోసినా ఊడిరాదు. ఆ ధీమాతోనే అందరూ టేపు పట్టి అంగుళాల లెక్కన కోసేస్తారు. గీత కన్ను మధ్యలో పడితే తెగిన తీగలు వేళ్ళలా పొడుచుకొస్తాయి, చీర కొంగుని పట్టేస్తాయి. తీగలు కలిసే చోటుంది చూడు, అదే ముడి. గీత ఆ ముడికి ఒకటి రెండు మిల్లీమీటర్లు అవతల పడాలి, ముడి మొత్తం నీ ముక్కకే దక్కాలి. అప్పుడు చివరి వరుస కళ్ళు మూసుకునే ఉంటాయి, వెల్డింగుకీ దిట్టమైన చోటు దొరుకుతుంది. కనుక వీలైనప్పుడు కళ్ళు లెక్కపెట్టుకుని, జాలీ కొలతకి ఫ్రేము చెయ్యి. ఫ్రేము కొలత ముందే ఖాయమైపోతే వేళ్ళు తప్పవు; వాటి మీద 25×3 మిల్లీమీటర్ల ఫ్లాటు, అంటే ఇనుప పట్టీ, బీడింగుగా వేసి మూసెయ్.

కళ్ళ మీద సుద్ద నిలవదు. గీత వెంట మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గియ్యి.

పలచటి జాలీకి, అంటే 1.2 మిల్లీమీటర్ల లోపు ఇనుముకి, రేకు కత్తెర చాలు. ఒక్కో తీగా విడివిడిగా కత్తిరించు. అంతకన్నా మందమైతే బోల్ట్ కట్టర్ తీసుకో: నిదానమే గాని నిప్పురవ్వలుండవు, జీఐ (జింకు పూసిన ఇనుము) అయితే దాని పూత కాలదు. హ్యాక్సా మాత్రం ఈ పనికి తీసుకోకు. ప్రతి కంట్లోనూ పళ్ళు ఇరుక్కుని విరుగుతాయి. వంపులు కొయ్యాలంటే జాలీని రెండు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కల మధ్య బిగించి, పై ముక్క మీద గీసుకుని, జిగ్‌సాకి మెటల్ బ్లేడు వేసి మూడింటినీ కలిపి కొయ్యి.

ఎక్కువ పని గ్రైండర్‌దే కాబట్టి ఇది బాగా చూసుకో. 4 అంగుళాల మిషనుకి 1 మిల్లీమీటరు కటింగ్ వీలు (కోసే చక్రం) వెయ్యి. గార్డు తీసేసి 5 అంగుళాల వీలు ఎక్కించే అలవాటు చాలా షెడ్లలో ఉంది, నీ షెడ్డులో వద్దు. వీలు నడిమి రింగు మీద గడువు తేదీ ఉంటుంది. చెన్నై చెమ్మకి పాత వీలు బలం తగ్గుతుంది, గడువు దాటితే పారెయ్. గీతకి దగ్గరగా, పైనొకటి కిందొకటి యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలు) పెట్టి సీ క్లాంపులతో బిగించు. ఊగే తీగ వీలుని పట్టుకుంటుంది, మిషను వెనక్కి తంతుంది. మామూలు జాలీలో తీగ ఏటవాలుగా మెలి తిరిగి ఉంటుంది, వీలు మొదట దాని ఒక అంచునే తాకుతుంది. అక్కడ ఒత్తావా, వీలు పక్కకి జారి వంగుతుంది. మిషను బరువు చాలు. జివ్వుమని సన్నటి మోత వచ్చిందంటే బిగింపు వదులైనట్టే, ఆపు. రెండు చివర్లా రెండేసి తీగలు వదిలెయ్, కోసిన ముక్క జారి వీలుని నొక్కకుండా అవే ఆపుతాయి. ఆఖర్న వాటిని కట్టర్‌తో తుంచు.

కళ్ళద్దాలు, చేతికి పట్టిన తోలు గ్లౌజులు వాడు. లుంగీ, కండువా వేసుకుని మిషను పట్టకు. జీఐ కోసేటప్పుడు, వెల్డింగు పెట్టేటప్పుడు షెడ్డు బయట, మాస్కుతో చెయ్యి. జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

అంచుకి ఆకురాయి గాని ఫ్లాప్ డిస్కు గాని వేశాక ఇనుప పొడి పూర్తిగా దులుపు. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వైపు సముద్రపు గాలికి ఆ పొడే ముందు తుప్పు పట్టి మచ్చలవుతుంది. జీఐకి కోసిన చోట జింక్ రిచ్ పెయింటు, మామూలు ఇనుముకి రెడాక్సైడ్ వెయ్యి. స్టెయిన్‌లెస్ స్టీలుకి వేరే వీలు ఉంచుకో, ఇనుముకి వాడినది దానికి తాకించకు.

నడకదారికి వేసే జాలీ అయితే కోసే ముందు ఒకటి చూడు: కన్ను పొడుగు ఒక బీము నుంచి రెండో బీముకి ఉండాలి. అడ్డం తిప్పి కోస్తే కాలు పెట్టగానే కుంగుతుంది, ఆ ముక్క ఇక దేనికీ పనికిరాదు.

ఇట్లు,
మామయ్య